సీనియర్ గ్రేడు కోడలు

కపిలవరంలో ఉద్యోగాలు లేవని జనం చాలాకాలంగా పొరపాటు పడుతూ వచ్చారు. పైనుంచి ఓ పెద్ద అధికారి దిగి, అతిథి గృహంలో మకాం వేసి, పూటపూటా నాటుకోడి పులుసు తింటూ లోతుగా అధ్యయనం చేస్తే అసలు సంగతి బయటపడింది. ఊళ్లో కొరవడినవి ఉద్యోగాలు కావు, మంచి బయోడేటాలు. కుర్రాళ్లు తమ బతుకుల్ని అరపేజీలో కుక్కి పంపిస్తుంటే ఉద్యోగాలు మాత్రం ఏ మొహం పెట్టుకుని వస్తాయని ఆయన సభాముఖంగా అడిగాడు. సభలో ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి ఆయన వాదన నెగ్గినట్టే లెక్క.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. పాత పశువుల ఆసుపత్రికి సున్నం కొట్టి ‘జిల్లా స్వవివర సముద్ధరణ కేంద్రం’ అని బోర్డు తగిలించారు. ఇకమీదట జిల్లాలో ఏ కొలువుకైనా, అది కచేరీలో గుమాస్తాగిరీ అయినా కోళ్లఫారంలో గుడ్లు ఏరే పనయినా, బయోడేటా మీద ‘సముద్ధరించబడినది’ అనే ఊదారంగు ముద్ర ఉంటేనే పరిశీలించాలని ఉత్తర్వు వచ్చింది. గేదెల్ని కదలకుండా నిలబెట్టి సూదులు వేసే ఇనప చట్రం ఒకటి ఆ ఆవరణలో ఉండిపోయింది. దాన్ని పీకించడానికి టెండరు తేలలేదు. అందుకని నిరుద్యోగుల వరసను దానిగుండానే పోనిచ్చారు. ఒక్కొక్కరే వస్తారు, తోసుకోరు, నిరుద్యోగులు ఎలాగూ బక్కగానే ఉంటారు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదని కేంద్రం వారు నివేదిక రాసుకున్నారు.

మేడిశెట్టి కుసుమ ఒకరోజు పొద్దున్నే ఆ చట్రంలోంచి నడిచి వెళ్లింది. ఆమెకు కావలసింది ఒకే ఒక్కటి. జిల్లా ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబు టెక్నీషియను ఉద్యోగం పడింది. పోస్టు ఒక్కటే. వయోపరిమితి లెక్కన ఈసారికి ఆమె గడప లోపల ఉంది, వచ్చేసారికి బయట. పెళ్లికి ముందు ఓ ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో ఇదే పని చేసింది. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు జీతం గుర్తురాదు. అక్కడ అందరూ ఆమెను కుసుమ అని పిలిచేవారు, అది గుర్తొస్తుంది. మెట్టినింట్లో అత్తగారికి ఆమె ‘ఏమే’, భర్తకు ‘ఇదిగో’, కొడుక్కి ‘అమ్మా’. గ్యాసు బండ తెచ్చే మనిషి కనెక్షను ఎవరి పేరున ఉంటే ఆ పేరే పిలుస్తాడు కాబట్టి అతనికి ఆమె ‘వెంకన్నబాబు గారు’.

కేంద్రంలో ముఖ్య సముద్ధారకులు జగదానందం గారు. ఆయన ఆమె బయోడేటాను రెండు వేళ్లతో పట్టుకుని, చలిజ్వరం వచ్చిన పెయ్యదూడను చూసినట్టు జాలిగా చూశారు. అందులో చదువు ఉంది, మూడేళ్ల ల్యాబు అనుభవం ఉంది. ఆ తర్వాత సంతకం ఉంది.

“వివాహానంతరం తమరు తొమ్మిదేళ్ల పాటు ఎక్కడ అంతర్ధానమయ్యారు?” అని అడిగారాయన.

“ఇంట్లోనే ఉన్నానండి.”

“అది స్థలం. మేమడిగేది కాలం. స్వవివరంలో కాలము నిలిచిపోరాదు. విరామరాహిత్యమే మా కేంద్రం యొక్క మూలసూత్రము.”

ఆయన ఆ సూత్రాన్ని ఎంతో నిష్ఠతో పాటించే మనిషని కుసుమకు తర్వాత తెలిసింది. ఏవో సిమెంటు బస్తాలు కనబడకుండా పోయిన వ్యవహారంలో ఆయన్ని ఒకప్పుడు కొన్నేళ్లు సస్పెన్షన్లో ఉంచారు. ఆయన స్వవివరంలో ఆ కాలానికి ఎదురుగా ‘అంతర్ముఖ పరిశీలన’ అని ఉంది.

ఇంట్లో ఏమేం చేసేవారో చెప్పమన్నారు. చెప్పుకోదగ్గదేం లేదంటూనే కుసుమ చెప్పడం మొదలుపెట్టింది. అత్తగారికి షుగరు, వేళకి మాత్రలివ్వాలి అంది. ‘దీర్ఘకాలిక వ్యాధి పర్యవేక్షణ’ అని రాశారాయన. పాలలో నీళ్లెక్కువైతే పాలవాణ్ణి కడిగేస్తాను అంది. అది ‘సరఫరాదారులతో నాణ్యతా సంప్రదింపులు’ అయింది. ఆడపడుచు అలిగి వస్తే బుజ్జగించి పంపడం ‘అంతర్విభాగ వివాద పరిష్కారం’ పద్దులోకి వెళ్లింది. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పులిహోర చేస్తానని ఆమె మొహమాటపడుతూ చెబితే జగదానందం గారు కలం ఆపి, ఇంత పెద్ద విషయం ఇంతసేపూ ఎందుకు దాచారని మందలించి, ‘వనరుల పునర్వినియోగంలో విశేష ప్రావీణ్యం’ అని రాసి కింద గీత గీశారు.

“పదవి ఏమని రాయమంటారు?”

“కోడల్నండి.”

“ఆ సంస్థలో కోడళ్లు ఎందరు?”

“నేనొక్కదాన్నేనండి.”

“అట్లయితే సీనియర్ గ్రేడు. పైన వేరెవరూ లేరు గదా.”

అరపేజీ బయోడేటా నాలుగు పేజీలైంది. పనిచేసిన చోటు: మేడిశెట్టి గృహ నిర్వహణ సంస్థ. హోదా: కోడలు, సీనియర్ గ్రేడు. పై అధికారి: శ్రీమతి నూకరత్నం. కుసుమకు బయటికి రాగానే పకపకా నవ్వొచ్చింది. ఆటోలో కూర్చుని మొదటినుంచి మళ్లీ చదివితే మాత్రం నవ్వు ఆగిపోయింది. ఇంత పని చేశానా అనిపించి, ఆ పనంతా అప్పుడే ముగించినట్టు ఒళ్లు నొప్పులొచ్చాయి. ఇంటికెళ్లి బియ్యం కడిగింది.

నాలుగో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. స్వవివరంలో చూపిన ప్రతి అనుభవానికీ ఆ సంస్థ అధిపతి నుంచి అనుభవ ధ్రువపత్రం తేవాలి. తేకపోతే ముద్ర పడదు. ముద్ర లేకపోతే ఆసుపత్రి గుమ్మం ఎక్కనివ్వరు.

ఆ విధంగా కుసుమ అత్తగారు మేడిశెట్టి నూకరత్నం గారి చేతికి ప్రభుత్వం ఒక నమూనా పత్రం ఇచ్చింది.

నూకరత్నం గారు చదివింది ఐదో తరగతి. నడిపింది ఒక ఇల్లు. ఆవిడ సంతకం పింఛను దగ్గర తప్ప ఎవరూ ఎప్పుడూ అడగలేదు. అలాంటి మనిషిని సర్కారు వారు ‘మీ సిబ్బంది పనితీరుపై మీ అమూల్యాభిప్రాయం తెలుపగలరు’ అని అడిగేసరికి, ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, పత్రాన్ని పైకీ కిందికీ చూసి, ఇది పరుగుల మీద అయ్యే పని కాదని చెప్పింది. అప్పట్నించి రోజూ టిఫినయ్యాక పత్రం ముందు పెట్టుకుని కూర్చునేది. సమయపాలన అనే గడి దగ్గర, ఓ కార్తీక సోమవారం దీపాలు ఆలస్యంగా పెట్టిన సంగతి గుర్తుచేసుకుంది. విధేయత దగ్గర కలం చాలాసేపు గాల్లో ఆగింది. ‘నాయకత్వ లక్షణాలు ఉన్నవా?’ అనే గడి చూడగానే మాత్రం ఆలోచించలేదు. ‘అదే దీని జబ్బు’ అని రాసింది.

కుసుమ భర్త వెంకన్నబాబు బియ్యం మిల్లులో లెక్కలు రాస్తాడు. మంచివాడే. మంచివాడు కాబట్టే ఇంట్లో ఏ గొడవలోనూ తలదూర్చడు, ఏ పనిలోనూ చెయ్యి పెట్టడు. అమ్మ సంస్థాధిపతి అయినప్పుడు తాను సంయుక్త సంచాలకుడు అవుతానేమోనని ఒకసారి సరదాగా అన్నాడు. కుసుమ అతనివైపు చూసిన చూపుకి ఆ సరదా అక్కడితో ఆగింది.

చివరికి నూకరత్నం గారు తేల్చి రాసిచ్చింది. ‘పని బాగానే చేస్తుంది. చెప్పిన పని వదలదు, చెప్పని పనీ వదలదు. చేతిలో శుభ్రం ఉంది. నోరు కొంచెం తగ్గాలి. పదికి ఆరు.’

అది చూసి జగదానందం గారి మొహం మాడిపోయింది. కేంద్రం చరిత్రలో పదికి పది కాకుండా వచ్చిన మొదటి పత్రం ఇదేనట. కోళ్లఫారంలో గుడ్లు పగలగొట్టి దొరికిపోయినవాడికి కూడా యజమాని పదికి పది వేసి ‘ధైర్యంగా కొత్త ప్రయోగాలు చేయును’ అని రాశాడట. నోరు తగ్గాలన్న మాట తీయించి, మార్కులు పూర్తిగా వేయించుకు రమ్మని ఆయన తిప్పి పంపారు. నూకరత్నం గారు ససేమిరా అంది. మార్చి రాయడానికి అదేమన్నా పచారీ కొట్టు చీటీనా, రాసింది రాసిందే అంది. ఆ పూట కుసుమ అత్తగారితో మాట్లాడలేదు. గిన్నెలు మాట్లాడాయి. ఒకే ఒక్క ఉద్యోగం, దానికి అడ్డంగా ఆరు మార్కులూ ఓ నోరూ. ఈవిడ కావాలనే చేస్తోందని కుసుమ గట్టిగా నమ్మింది. మనసులో ఆవిణ్ణి నానా మాటలూ అంది. నోరు తగ్గించుకోవడం ఇంతకన్నా ఎలాగో ఆమెకు తెలియలేదు.

పత్రం అలాగే ధ్రువీకరణ విభాగానికి వెళ్లింది. అక్కడ పరాంకుశం గారనే అధికారి ఉన్నారు. ఆయన పత్రంలో ఉన్నది చదవరు, లేనిది చదువుతారు. సంస్థ నమోదు సంఖ్య లేదని పట్టుకున్నారు. నమోదు కాని సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం చెల్లదు. నమోదు కావాలంటే తనిఖీ జరగాలి. తనిఖీ జరగాలంటే గుమ్మానికి బోర్డు ఉండాలి. కుసుమ బోర్డు రాయించింది. ఆకుపచ్చ మీద తెల్లక్షరాలతో ‘మేడిశెట్టి గృహ నిర్వహణ సంస్థ’ అని గుమ్మం పైన వేలాడదీసిన మర్నాడే వీధిలో కుర్రాళ్లు నలుగురు బయోడేటాలు పట్టుకుని వచ్చేశారు. ఊళ్లో కొత్తగా తెరిచిన సంస్థ అదొక్కటేనని వాళ్లకు తెలిసింది. నూకరత్నం గారు వాళ్లను వరండాలో కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, ప్రస్తుతం తీసుకోవడం లేదని చెప్పి పంపింది. ఆ మాట చెప్పడం ఆవిడకు బాగా నచ్చినట్టు కనిపించింది.

తనిఖీకి పరాంకుశం గారు ఒక బంట్రోతుతో, చంకలో నిబంధనల పుస్తకంతో వచ్చారు. ఇంటిని కార్యాలయంలా చూశారు. వంటగదిని ఉత్పత్తి విభాగం అన్నారు, దేవుడి గూటిని సంక్షేమ విభాగం అన్నారు. హాజరు పట్టీ ఏదని అడిగారు. రోజూ కనబడుతూనే ఉంటుంది కదండీ అంది నూకరత్నం గారు. వారాంతపు సెలవు ఎప్పుడని అడిగితే అత్తా కోడళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాన్పుకి పుట్టింటికి వెళ్లినప్పుడు సెలవు మంజూరు చేసిన ఉత్తర్వు చూపించమన్నారు. అడిగే వెళ్లిందండి అంది ఆవిడ.

“నోటి మాటగానా?” అన్నారు పరాంకుశం గారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

ఇన్ని లోపాలున్నా సంస్థ నిర్మాణం మాత్రం ఆయనకు ఎంతో తృప్తి కలిగించింది. పనిచేసే మనిషి ఒక్కరే. పర్యవేక్షించేవారు అత్తగారు, భర్త, ఎనిమిదేళ్ల కొడుకు, అప్పుడప్పుడూ ఆడపడుచు. తమ శాఖ కూడా సరిగ్గా ఇదే నమూనాలో నడుస్తోందని, ప్రైవేటు రంగంలో ఇంత క్రమశిక్షణ చూడటం ఇదే మొదలని మెచ్చుకుని, అక్కడికక్కడే నమోదు పత్రం ఇచ్చేశారు. కుసుమ ఊపిరి పీల్చుకుంది. ఆమె చేసిన ఉప్మా రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాక ఆయన కొత్త సంగతి గమనించారు.

“తమరు ఇప్పుడే ఉప్మా చేశారు.”

“అవునండి.”

“అనగా తమరు ప్రస్తుతము ఈ సంస్థ యొక్క సర్వీసులో ఉన్నారు. సర్వీసులో ఉన్న వ్యక్తి మరియొక సర్వీసుకు పోవలెనన్న సంస్థాధిపతి రిలీవు చేయవలెను. రిలీవు చేయవలెనన్న తగిన అర్హత గల వ్యక్తికి ఛార్జి అప్పగించవలెను. లేనిచో ముద్ర పడదు.”

ఆసుపత్రి ఇంటర్వ్యూ సోమవారం. ఆ రోజు గురువారం.

పరాంకుశం గారు వెళ్లాక నూకరత్నం గారు వంటింటి గడప మీద కూర్చుంది. కుసుమ పొయ్యి దగ్గర నిలబడింది. ఆరు మార్కుల దగ్గర్నుంచి దాచుకున్న మాటలన్నీ ఆ పూట వరసగా అనేయాలని నిలబడింది. అత్తగారే ముందు మాట్లాడింది.

“నేను నిన్ను రిలీవు చేస్తే మరి నువ్వు నా కోడలివి అవునా, కాదా?”

కుసుమ తడబడింది. “కోడల్నే కదండీ అత్తయ్యగారూ. కాయితం మీద కాదంతే.”

“కాయితం మీద లేకపోతే లేనట్టేనంటున్నాడు కదే ఆయన.” ఆవిడ చీర కొంగుతో కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకుంది. “నలభై ఏళ్లు చేశాను ఈ ఇంట్లో. మా అత్త పోయిన రోజు కూడా వచ్చినోళ్లందరికీ వండి పెట్టాను. నన్నెవరు రిలీవు చేశారే? నాకెవరిస్తారు కాయితం?”

తెచ్చుకున్న కోపం ఎక్కడ పెట్టిందో కుసుమకు వెతికినా దొరకలేదు. ఇన్నేళ్లలో ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అది. అంతకుముందు అడిగినవన్నీ ప్రశ్నల్లా కనిపించే ఆజ్ఞలు. కుసుమ ఉన్న మాట చెప్పింది.

“నాకా ఉద్యోగం కావాలత్తయ్యగారూ. ఇంటికి గడవకపోయి కాదు. నాకు కావాలంతే.”

నూకరత్నం గారు లేచి, మోకాళ్లు నొక్కుకుని, వాణ్ణి పిలువు అంది.

వాడంటే వెంకన్నబాబు. కోడలి పోస్టుకి ఇంట్లో అభ్యర్థి అతనొక్కడే. శుక్రవారం మిల్లుకి సెలవు పెట్టించి కుసుమ అతన్ని కేంద్రానికి తీసుకెళ్లింది. ఇనప చట్రంలోంచి పోనిచ్చింది. అతనికి కొంచెం బొజ్జ ఉండటం వల్ల మధ్యలో ఇరుక్కుంటే వెనకనుంచి తోసింది. ఆ తోపులో అవసరానికి మించిన బలం ఉందని అతను తర్వాత తల్లి దగ్గర వాపోయాడు.

గృహ నిర్వహణలో అనుభవం చెప్పమన్నారు జగదానందం గారు. వెంకన్నబాబు ఆలోచించాడు. తిన్న కంచం తీస్తారా అని ఆయనే అందించారు. ఒక్కోసారి అన్నాడతను. మంచినీళ్లు ముంచుకుంటారా అంటే అడుగుతానన్నాడు. సరుకులు తెస్తారా అంటే ఫోను చేస్తే తెస్తాను, కానీ అందులో ఒకటి మర్చిపోతాను అన్నాడు. సస్పెన్షనునే అంతర్ముఖ పరిశీలన చేసిన ఆ కలం అక్కడ ఆగిపోయింది. జగదానందం గారు చెమట తుడుచుకున్నారు. తన సర్వీసులో ఇంతటి నిర్మలమైన విరామం చూడలేదని, దీన్ని సముద్ధరించడం దేవుడి తరం కూడా కాదని ఆయన ఒప్పుకున్నారు. అయినా ప్రయత్నించి ఒక వాక్యం రాశారు: ‘ఇంట నివసించిన అనుభవము కలదు.’

శనివారం ఇంటర్వ్యూ. స్థలం, ముందు గది. సంస్థాధిపతి హోదాలో నూకరత్నం గారు కుర్చీలో, ప్రభుత్వ ప్రతినిధిగా పరాంకుశం గారు పక్కన, అభ్యర్థి ఎదురుగా స్టూలు మీద. ఆవిడ కన్నకొడుకుని చూసినట్టు చూడలేదు. పోపుల డబ్బాలో మెంతులు ఏ గిన్నెలో ఉంటాయని అడిగింది. అతనికి పోపుల డబ్బా ఉందని తెలుసు, అక్కడితో సరి. తనకు పొద్దున ఏ మాత్ర, సాయంత్రం ఏ మాత్ర అని అడిగింది. తెల్లది అన్నాడు. రెండూ తెల్లవే అంది ఆవిడ. కొడుకు ఏ క్లాసని అడిగింది. రెండు అన్నాడు. వరండాలోంచి పిల్లాడి గొంతు మూడని సరిదిద్దింది.

“అనుభవం చాలదు,” అని నూకరత్నం గారు తీర్పు చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ కొడుకు వైపు చూడలేదు. ఇలా ఎవరు పెంచారో అప్పుడే గుర్తొచ్చినట్టుంది.

పరాంకుశం గారు పుస్తకం తిరగేసి, అర్హులు లేనందున పోస్టును తిరిగి ప్రకటించాలని, అందుకు మూడు నెలలు పడుతుందని, ఈలోగా సీనియర్ గ్రేడు కోడలు యథాస్థానంలో కొనసాగవచ్చునని సెలవిచ్చారు. కుసుమ గోడకి ఆనుకుంది. మూడు నెలలకు వయోపరిమితి కూడా దాటిపోతుంది. ఏడుపు రాలేదు. రాలేదేమా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఏడవడానికి కూడా ఎవరో మంజూరు చేయాలేమో అనిపించింది.

“బాబూ,” అంది నూకరత్నం గారు, “ఈ సంస్థకి పెద్దెవరు?”

“సందేహమేల, తమరే.”

“తెరిచినప్పుడు నా సంతకమే కదా పెట్టించుకున్నారు. మూసినప్పుడు ఇంకెవరిదైనా కావాలా?”

పరాంకుశం గారు పుస్తకంలో వెనక పేజీలకు వెళ్లారు. అక్కడి కాగితాలు ఇంకా అతుక్కునే ఉన్నాయి, ఎవరూ విప్పలేదు. వేలు తడిచేసి విడదీసి చదివారు. సంస్థ మూతపడిన పక్షంలో సిబ్బంది అందరూ తక్షణమే రిలీవు అయినట్టు భావించవలెనని, ఛార్జి అప్పగింత అవసరం లేదని అక్కడ స్పష్టంగా ఉంది. ఆయన కొంచెం నొచ్చుకుంటూనే కలం తీశారు. మూసివేతకు కారణం చెప్పమన్నారు.

“యాజమాన్యం అలిసిపోయింది. రాసుకోండి.”

ఆయన రాసుకున్నారు. వెళ్తూ వెళ్తూ, మూసిన సంస్థలో ఎవరిచేతనైనా పని చేయించడం నేరమని, ఎవరి పని వారు చేసుకోవచ్చునని హెచ్చరించారు. వెంకన్నబాబు స్టూలెక్కి ఆకుపచ్చ బోర్డు దింపాడు. ఆ ఇంట్లో అతను పూర్తిచేసిన మొదటి పని అదే. మధ్యాహ్నం భోజనం హోటలు నుంచి వచ్చింది. సాంబారు బాగాలేదని నలుగురూ ఒక్కమాటగా అన్నారు. చేసింది ఎవరో తెలియదు కాబట్టి ఎవరికీ బాధ కలగలేదు.

సోమవారం ఊదారంగు ముద్ర ఉన్న బయోడేటాతో కుసుమ ఆసుపత్రి వరండాలో కూర్చుంది. బంట్రోతు బయటికొచ్చి మేడిశెట్టి కుసుమ అని కేకేశాడు. ఎవరో కుసుమట అనుకుంటూ ఆమె అటూ ఇటూ చూసింది. రెండోసారి పిలిచాక గబగబా లేచింది.

లోపల సూపరింటెండెంటు డాక్టరమ్మ బల్లమీద బయోడేటాలు గుట్టగా ఉన్నాయి. పొద్దున్నుంచీ అవే చదివి ఆవిడకు తలనొప్పి పట్టుకుంది. వచ్చినవాళ్లంతా పదికి పదే. అందరికీ దార్శనికత ఉంది, అందరూ సమస్యల్ని సమూలంగా పరిష్కరించేవారే. జిల్లాలో ఇంతమంది మహానుభావులుండగా తన ఆసుపత్రిలో దూది ఎందుకు దొరకడం లేదో ఆవిడకు అర్థం కాలేదు. కుసుమ కాగితాలు కూడా అదే నీరసంతో తిప్పుతూ వెళ్లి, చివరి పత్రం దగ్గర ఆగింది. ముందుకు వంగి మళ్లీ చదివింది.

“నోరు కొంచెం తగ్గాలి. పదికి ఆరు.” డాక్టరమ్మ తలెత్తింది. “ఎవరమ్మా ఇది రాసింది?”

“మా అత్తయ్యగారండి.” కుసుమ అనుకున్నంతా అయిందనుకుంది.

“మరి తగ్గిందా నోరు?”

“లేదండి.”

డాక్టరమ్మ పక్కనున్న ఇద్దరు సభ్యులకు ఆ పత్రం చూపించి, పొద్దున్నుంచీ చదివిన వాటిలో మనిషి చేత్తో రాసినట్టున్నది ఇదొక్కటేనంది. ఇష్టంలేనివాళ్లు ఇచ్చిన ఆరు, డబ్బులిచ్చి వేయించుకున్న పది కన్నా పెద్దదని ఆవిడ లెక్క. చేతిలో శుభ్రం ఉందని అత్తగారే రాసిందంటే ఇక అనుమానించేదేముంది అంది. ఒకసారి చూపించమని తన చెయ్యే చాపింది. కుసుమ పట్టీ కట్టింది, వేలితో తడిమింది, సూది దింపింది. డాక్టరమ్మ మాట్లాడుతున్నది మాట్లాడుతూనే ఉంది, ఆపలేదు. ఉద్యోగం కుసుమకు వచ్చింది.

రెండోరోజుకల్లా కేంద్రం గోడమీద కుసుమ ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ వెలిసింది. ఇది పూర్తిగా తమ సముద్ధరణ ఫలితమని జగదానందం గారు పైవారికి నివేదిక పంపారు. పైనుంచి ఆ పెద్ద అధికారి మళ్లీ దిగి, మళ్లీ నాటుకోడి పులుసు తిని, పది మార్కులే యువతను పాడుచేస్తున్నాయని కనిపెట్టాడు. కేంద్రంలో ‘లోప సంయోజన విభాగం’ తెరిచారు. ఇకమీదట ప్రతి స్వవివరంలో ఒక లోపం తప్పనిసరి. వేరే లోపం చూపిస్తే ఏమవుతుందోనన్న భయంతో ఎవరూ కొత్తది ఎంచుకోలేదు. నెల తిరిగేసరికి జిల్లాలో నిరుద్యోగులందరికీ నోరు కొంచెం తగ్గాల్సి వచ్చింది, అందరికీ పదికి ఆరే. మూగవాడైన ఒక దర్జీకి కూడా నోరు కొంచెం తగ్గాలని రాసిచ్చారు. అనుభవ పత్రాల మీద ఆ వాక్యాన్ని ముందే అచ్చు వేయించేశారు. దాంతో ఎవరికీ ఉద్యోగాలు రాలేదు. కేంద్రాన్ని మాత్రం విస్తరించారు.

మేడిశెట్టి వారింట్లో సంస్థ మూసే ఉంది. ఎవరి పని వారు చేసుకోవాలి కాబట్టి వెంకన్నబాబు కంచం వెంకన్నబాబే కడుగుతున్నాడు. వంట వంతులు. అతని వంతు రోజున అందరూ నీళ్లు ఎక్కువ తాగుతారు.

ఒక సాయంత్రం కుసుమ ల్యాబు నుంచి వచ్చేసరికి నూకరత్నం గారు గడప మీద కూర్చుని ఉంది. చేతిలో ఓ కొత్త నమూనా పత్రం. పరాంకుశం గారి దగ్గరకు ఆవిడే స్వయంగా వెళ్లి తెచ్చుకుందట. ఇనప చట్రంలోంచి నడిచి మరీ వెళ్లిందట. తన అత్తగారిలా సంస్థాధిపతి పోయినట్టయితే, అదే కోడలి పదవిలో తర్వాత పనిచేసినవారు పాతవారికి ధ్రువపత్రం ఇవ్వవచ్చునని ఆయన వెనక పేజీల్లో చూసి చెప్పారట.

“ఏ ఉద్యోగానికత్తయ్యగారూ?” అంది కుసుమ.

“ఈ వయసులో ఉద్యోగమేంటే. చేసినట్టు ఓ కాయితం ఉండాలి కదా.”

కుసుమ చేతి సంచీ కూడా కింద పెట్టకుండా అక్కడే గడప మీద కూర్చుంది. పత్రంలో ముందే అచ్చు వేసున్న ‘నోరు కొంచెం తగ్గాలి’ని, పక్కనే ఉన్న ఆరునీ అడ్డంగా కొట్టేసింది. సమయపాలన దగ్గర రాసింది, విధేయత దగ్గర రాసింది. నాయకత్వ లక్షణాల దగ్గర ఆలోచించకుండా ‘ఇదే ఈవిడ జబ్బు’ అని రాసింది. అచ్చు కొట్టేసిన చోట తన సొంత అక్షరాలతో ‘నలభై ఏళ్లు. ఒక్క రోజు సెలవు లేదు. నోరు అస్సలు తగ్గదు’ అని రాసి, మార్కులు వేసి, సంతకం చేసి ఇచ్చింది.

నూకరత్నం గారు కళ్లజోడు సవరించుకుని మొదటినుంచి చదివింది. ఆఖరి గడి దగ్గర ఆగింది.

“ఆరున్నరా?”

“ఆరున్నరేనండి.”

“నేను నీకు ఆరే కదా వేశాను. ఆ అర దేనికి?”

“సంస్థ మూసినందుకు.”

ఆవిడ ఇంకోసారి చదువుకుంది. లెక్క సరిగ్గానే ఉంది అంది. కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుని, ఈ పూట వంతు ఎవరిదని అడిగింది. వెంకన్నబాబుది అంది కుసుమ. అయితే మంచినీళ్లు నిండా పట్టి ఉంచాలంటూ నూకరత్నం గారు బిందె తీసుకుని లేచింది.